పచ్చ ట్రాక్టరు

కామాగారు జీవితంలో ఎన్నడూ చేతికి మసి అంటించుకున్న మనిషి కాదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైనవాడు కాబట్టి ఆయన చేతికి అంటిందల్లా ఎర్ర సిరా. ఎదుటివాళ్ళు రాసినదాంట్లో తప్పు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. మందుసీసా మీది చీటీ కానీ, దుకాణం తలుపు మీది బోర్డు కానీ, కళ్ళజోడు సవరించుకున్నాడంటే ఎక్కడ ఒత్తు జారిపోయిందో, ఎక్కడ కొమ్ము ఎగిరిపోయిందో తేల్చేదాకా వదలడు. మాట్లాడేటప్పుడు కూడా సరైన మాట కోసం మధ్యలో ఆగి ఆలోచిస్తాడు. ఆ ఆగడం చూసే అచ్చాఫీసువాళ్ళు కామా అని పేరు పెట్టారు. చివరి 'గారు' మాత్రం భార్య తరఫు బంధువులు తగిలించింది. అది గౌరవమో వెటకారమో ఆయనకి ఇప్పటికీ తేలలేదు.

ఇంతటి కామాగారితో సొంత మామగారు మాట్లాడరు.

మాట్లాడరంటే ఇంట్లో మాటల్లేవని కాదు. కావలసినన్ని ఉన్నాయి, కాకపోతే అన్నీ కూతురి మీదుగా నడుస్తాయి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నా సరే, "అమ్మాయ్, మీ ఆయన్ని ఆ ఉప్పు ఇటు జరపమను" అంటారు మామగారు. "ఏమండీ, ఉప్పట" అంటుంది ఆమె. ఈయన జరుపుతాడు. "జరిపారు నాన్నా" అని మళ్ళీ ఆమే చెప్పాలి. కూతురు ఇంట్లో లేనప్పుడు మామగారు గోడగడియారంతో మాట్లాడతారు. "ఆ ఫ్యాను ఎవరైనా కాస్త తగ్గిస్తే బాగుండు" అని గడియారానికి విన్నవించుకుంటే, కామాగారు లేచి తగ్గిస్తాడు.

దీనికంతటికీ మూలం ఒక దీర్ఘం. మామగారు అప్పట్లో పెద్దాసుపత్రి తోటలో పెద్ద తోటమాలి. పెళ్ళైన కొత్తలో అల్లుణ్ణి వెంటబెట్టుకుని తోటంతా తిప్పి చూపించారు. చివర్లో గులాబీమళ్ళ దగ్గర ఆగి, తాను స్వయంగా కుంచె పట్టి రాసిన బోర్డు చూపించారు. 'పూలు కొయరాదు' అని ఉంది. చుట్టూ పనివాళ్ళు, నర్సులు నిలబడి ఉన్నారు. "ఎలా ఉంది అల్లుడూ?" అని మురిసిపోతూ అడిగారు. కొత్తల్లుడు కళ్ళజోడు సవరించుకుని, ఒక్క క్షణం ఆగి, "బాగుంది మామయ్యా, కానీ కోయకి దీర్ఘం లేదు" అన్నాడు. ఎవరో నర్సు కిసుక్కుమంది. అంతే. అల్లుడూ అన్న పిలుపు మామగారి నోట మళ్ళీ రాలేదు.

"అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను?" అనేవాడు కామాగారు, ఆ మాట ఎప్పుడొచ్చినా.

"ఎలా ఉందని అడిగారండీ. దీర్ఘం ఉందా అని అడగలేదు" అనేది భార్య. ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి ఆమెకి విసుగు పుట్టి చాలా ఏళ్ళైంది.

అత్తగారు పోయాక మామగారు కూతురి దగ్గరికి వచ్చేశారు. వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక చేతికర్ర, ఒక ట్రాక్టరు తెచ్చుకున్నారు. పొలం దున్నే ట్రాక్టరు కాదు. తోటల్లో గడ్డి కోసే బుల్లి ట్రాక్టరు. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టిది. ఆసుపత్రివాళ్ళు కొత్త యంత్రం కొనుక్కుని దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేయబోతుంటే, మామగారు అడ్డం పడి అడిగి తెచ్చుకున్నారు. దాని మీద కూర్చునే ఆయన సగం జీవితం గడిపారు. ఇప్పుడది పెరట్లో రేకులషెడ్డులో తుప్పు పట్టి కూర్చుంది; కొత్తలో దాని రంగు చూసినవాళ్ళు ఇంట్లో మామగారొక్కరే. ఇంట్లో కోయడానికి చారెడు గడ్డి లేదు. అయినా మామగారు రోజూ వెళ్ళి దాని బానెట్టు మీద చెయ్యి వేసి వస్తారు.

కామాగారికి ఈ వయసులో పెద్ద కోరికలేమీ లేవు. ఒక్కటే ఉంది. ఆ మామగారు ఒక్కసారి తన మొహం చూసి, గడియారం మొహం కాదు, తన మొహం చూసి, అల్లుడూ అనాలి. పైకి చెప్పుకుంటే నవ్వుతారని భార్యకి కూడా చెప్పలేదు. ఆమెకి ఎప్పుడో తెలుసు.

మామగారి కళ్ళకి శుక్లాలు వచ్చాయి. ముందు ఒక కంటికి ఆపరేషను చేద్దామన్నారు డాక్టరుగారు. ఆ రోజు భోజనాల దగ్గర మామగారు ఉన్నట్టుండి అన్నారు. "అమ్మాయ్, నాకిప్పుడు లోకమంతా బూడిద రాసినట్టు కనిపిస్తోంది. ఆపరేషనయ్యాక మొట్టమొదట చూసింది నా బండే అయితే బాగుండు. అదిప్పుడు తుప్పు ముద్ద అనుకో. కొత్తలో చూడాల్సింది! పచ్చగా, ధగధగా మెరిసిపోయేది. ఆ పచ్చ ఇంకోసారి చూస్తే చాలు నాకు."

కామాగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దారి దొరికింది. ఆ బండికి రంగు తానే వేస్తాడు. పనివాణ్ణి పెట్టడు. మామగారు కట్టు విప్పుకుని వచ్చేసరికి బండి తళతళలాడుతూ ఎదురుగా ఉంటుంది. అప్పుడెలా పిలవరో చూద్దాం.

"మీరా?" అంది భార్య. "గోడకి మేకు కొడదామని వెళ్ళి, మేకుల డబ్బా మీద అచ్చుతప్పు ఉందని దుకాణానికి ఉత్తరం రాసిన మనిషి మీరు."

"ఆ తప్పు ఇప్పటికీ దిద్దలేదు వాళ్ళు" అన్నాడు కామాగారు.

రంగులకొట్టు నడిపేది ఒక పెద్దావిడ. లోపల గోడ నిండా డబ్బాలు, ముందు బల్ల మీద రంగుల చీటీల పుస్తకం, ఆ రెంటి మధ్యా ఆవిడ మొహం. కామాగారు వెళ్ళి దర్జాగా "పచ్చరంగు కావాలండీ" అన్నాడు.

"ఏ పచ్చ?"

కామాగారు ఆగాడు. పదానికి అర్థం సందర్భాన్ని బట్టి చెప్పుకోవాలన్నది ఆయన వృత్తిధర్మం. తోట, గడ్డి, ఆకులు, తోటమాలి. సందర్భం స్పష్టంగానే ఉంది. "ఆకుపచ్చ. ముదురు ఆకుపచ్చ" అన్నాడు, మొత్తం ప్రూఫు దిద్దేసినవాడిలా. ఆవిడ గరుకుకాగితం, ప్రైమరు, థిన్నరు కూడా తీసి బల్ల మీద పెట్టింది. అవన్నీ సరుకు అంటగట్టే ఎత్తులనుకుని, కామాగారు స్ప్రేడబ్బాలు మాత్రం తీసుకుని వచ్చేశాడు.

షెడ్డులోకి వెళ్ళి బానెట్టు మీద ఒక్కసారి స్ప్రే కొట్టాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు మీద రంగు నిలుస్తుందా? చుక్కలు చుక్కలుగా విడిపోయి, అటూ ఇటూ జారి, కింద ఆయన చెప్పుల మీద స్థిరపడింది. ఆకుపచ్చ చెప్పులతో కొట్టుకి తిరిగి వెళితే, ఆవిడ కిందికి చూసింది, పైకి చూసింది, ఏమీ అనకుండా ఇందాకటి సామానంతా మళ్ళీ బల్ల మీద పెట్టింది. "ముందు కిరోసిన్‌తో జిడ్డు కడగండి. తర్వాత తుప్పు గీకండి. తర్వాత అడుగుపూతగా ప్రైమరు. రంగు ఆఖర్న" అంది. కామాగారు తలకాయ ఊపి అన్నీ తెచ్చుకున్నాడు.

గీకుడు మొదలైంది. ఆ చప్పుడు వెనకగదిలో పడుకున్న మామగారి చెవిన పడింది. కళ్ళు కనిపించకపోతేనేం, ఆయన చెవులు పాము చెవులు.

"అమ్మాయ్, షెడ్డులో ఎవరో నా బండిని గీకుతున్నారు."

"ఆయనే నాన్నా. రంగు వేస్తున్నారు."

మామగారు చెవి అటు పెట్టి విన్నారు. గదిలోంచి కదల్లేదు కూడా. చివరికి "అడ్డంగా గీకుతున్నాడు. నిలువుగా గీకమను" అన్నారు.

ఆమె షెడ్డుకి వెళ్ళింది. "నిలువుగానట."

"ఎందుకట?"

ఆమె గదికి వచ్చింది. "ఎందుకట?"

"గీతలు కనపడవని చెప్పు."

అలా మొదలై, వంటింట్లో పాలు పొంగిపోతున్నా ఆమె షెడ్డుకీ గదికీ మధ్య పోస్టుమాను ఉద్యోగం చేయవలసి వచ్చింది. తల ప్రాణం తోకకొచ్చి, "మీరిద్దరూ నేరుగా మాట్లాడుకుంటే నోళ్ళు అరిగిపోతాయా?" అని వరండాలో నిలబడి ఇద్దరికీ వినపడేలా అరిచింది. ఇద్దరికీ వినపడింది. షెడ్డులో గీకుడు మాత్రం నిలువుగా సాగింది.

ఒక కబురు మాత్రం ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. "రంగేం వేస్తున్నాడో కనుక్కో" అన్నారు మామగారు. ఆమె వెళ్ళి అడిగితే "మామయ్య చెప్పిందే, పచ్చ" అన్నాడు ఈయన. "పచ్చేనట నాన్నా" అని ఆమె తెచ్చి చెప్పింది. "అదీ మాటంటే" అని మామగారు తృప్తిగా గోడవైపు తిరిగి పడుకున్నారు. కబురు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేరింది.

సీటు విప్పినప్పుడు దాని కింద, ఎండ తగలని చోట, పసుపురంగు పెచ్చు ఒకటి కనిపించింది. ఇంకెవరైనా అయితే అక్కడ ఆగి ఆలోచించేవారు. ఆగడంలో పేరుమోసిన కామాగారు సరిగ్గా ఇక్కడే ఆగలేదు. రంగులకొట్టుకి వెళ్ళినప్పుడు మాటల్లో "పాతకాలంలో ప్రైమరు పసుపురంగులో ఉండేదా?" అని అడిగాడు. "అలాంటిదీ ఉండేది" అంది ఆవిడ, ఇంకెవరికో చిల్లర ఇస్తూ. ఇంటికొచ్చి ఆ పెచ్చుని కూడా శుభ్రంగా గీకి పారేశాడు.

రంగు పడకూడని చోట్ల పాత వార్తాపత్రికలు చుట్టి టేపు అంటించాలి. టైర్లకీ, స్టీరింగుకీ కాగితాలు చుట్టడానికి పొద్దున షెడ్డులోకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నమైనా బయటికి రాలేదు. భార్య వెళ్ళి చూస్తే, కామాగారు నేల మీద బాసింపట్టు వేసుకుని, వెనకటైరుకి చుట్టిన పత్రికలో వార్తని ఎర్రకలంతో దిద్దుతున్నాడు. ముందుటైర్లు రెండింటివీ దిద్దడం అప్పటికే అయిపోయింది.

"ఏమిటండీ ఇది?"

"చూడు, 'ప్రారంభం' అని రాయడానికి 'ప్రారభం' అని వేశారు. అదీ శీర్షికలో!"

"టైరు మీది కాగితమండీ అది! రేపు చింపి పారేస్తారు!"

"చింపే కాగితంలో మాత్రం తప్పుండాలా?" అన్నాడు కామాగారు. ఆమె కలం లాక్కుని వెళ్ళిపోయింది.

ఇక స్ప్రే పని ఆయన చేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది. దగ్గర్నుంచి కొడితే రంగు ధారలు కట్టి కారింది. దూరం నుంచి కొడితే గాలికి ఎగిరి గోడ మీద పడింది. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆవిడ తెల్లపిల్లి ఆ గోడ మీదే కూర్చుని ఈ తతంగమంతా కళ్ళు చికిలించి చూస్తోంది. పిల్లి తప్పించుకుంది కానీ తోక తప్పించుకోలేదు. కుట్టుపని ఆవిడ కత్తెరతో సహా గోడ దగ్గరికి వచ్చి నోటికొచ్చినన్ని మాటలు అనేసి వెళ్ళింది. కామాగారు తల వంచుకుని విన్నాడు. ఆ మాటల్లో వ్యాకరణదోషాలు రెండు దొరికినా నోరెత్తలేదు. తర్వాత తడి రంగులో దోమలు పడ్డాయి. దోమల్ని సన్న పట్టకారుతో ఏరితే వాటి కాళ్ళు మాత్రం అందులోనే ఉండిపోయాయి. కారిన ధారలన్నీ మళ్ళీ రుద్ది, మళ్ళీ కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ రుద్దాడు. వేళ్ళు పగిలాయి, నడుం పట్టేసింది. ఏ పనీ పూర్తి చేయడని పేరున్న మనిషి ఈ ఒక్కదాన్నీ పట్టిన పట్టు విడవకుండా పూర్తి చేశాడు. ఆఖరి టేపు ఊడదీసి వెనక్కి జరిగి చూసుకుంటే, ట్రాక్టరు తడిసిన అరిటాకులా నిగనిగలాడింది. తన చేతులతో ఇంత అందమైన వస్తువు తయారవుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. దాని మీద దుప్పటి కప్పి, బిగించగా మిగిలిపోయిన బోల్టులు నాలుగు జేబులో వేసుకుని ఇంట్లోకి వచ్చాడు.

ఆపరేషను చక్కగా జరిగింది. కట్టు విప్పాక మామగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చారు. పెరట్లో అడుగు పెడుతూనే ఆగిపోయి కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తారు.

"అమ్మాయ్, ఆ గోడ మీది పిల్లికి తోక ఏ రంగులో ఉంది?"

"ఆకుపచ్చ నాన్నా."

"హమ్మయ్య. కన్ను బాగానే ఉందన్నమాట."

షెడ్డు గుమ్మంలో కామాగారు కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. మామగారు దగ్గరికి రాగానే దుప్పటి లాగేశాడు.

మామగారు చూశారు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. తీసి చూశారు.

"ఇదెవరి బండమ్మా?"

"మనదే నాన్నా."

"మరి ఈ రంగేమిటి?"

"మీరు చెప్పిందే కదా. పచ్చ."

మామగారి మొహం జేవురించింది. చేతికర్ర నేల మీద ఠపీమని కొట్టారు. ఆ పక్కనే ఉన్న కూతుర్ని దాటి, షెడ్డు గోడని దాటి, ఆయన చూపు తిన్నగా వచ్చి కామాగారి మీద ఆగింది.

"పచ్చ అంటే పచ్చయ్యా! ఆకుపచ్చ కాదు! పసుపుపచ్చ! బంతిపువ్వులా ఉండేది నా బండి! గడ్డిలో కలిసిపోయే రంగు గడ్డి కోసే బండికి ఎవడైనా వేస్తాడా? ఆసుపత్రిలో పచ్చకామెర్లవాళ్ళని ఎంతమందిని చూశాను నేను! ఒక్కడి కళ్ళైనా చిలకరంగులో ఉన్నాయా? చెప్పు! నా బోర్డులో దీర్ఘం లేదన్నావే! ఊరందరి తప్పులూ దిద్దావే! ముక్కు మీద అంతేసి కళ్ళజోడు పెట్టుకుని, రెండంటే రెండక్షరాల మాటకి అర్థం తెలీదా అల్లుడూ నీకు?"

భార్య చెయ్యి నోటిమీదికి వెళ్ళింది.

కామాగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆగాడు. ఆ ఆగడం ఎక్కడికి దారితీస్తుందో భార్యకి తెలుసు. ఆయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. పచ్చకి రెండర్థాలూ ఉన్నాయి, నిఘంటువు తెచ్చి చూపించగలడు. పచ్చికబయలు పసుపురంగులో ఉంటుందా అని అడగగలడు. ఆసుపత్రి తోటలో గడ్డి పచ్చగా ఉండేదని మీరే రోజూ అంటారు కదా అని మామగారి నోరు ఆయన మాటతోనే మూయించగలడు. అన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. అప్పుడాయన మామగారి మొహం చూశాడు. అందులో కోపం సగమే. మిగతా సగం సంబరం. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన తప్పు ఇన్నాళ్ళకి చేతికి చిక్కినవాడి సంబరం. పైగా ఇందాకటి ఆ పిలుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

"తప్పు నాదే మామయ్యా" అన్నాడు కామాగారు. "పూర్తిగా నాదే."

మామగారు ఇది ఊహించలేదు. ఇంకా అనవలసినవి చాలా ఉన్నాయి కాబోలు, కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు.

"ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నాను."

"అయితే దిద్దు" అన్నారు మామగారు.

కామాగారు ఆ మధ్యాహ్నమే కొట్టుకి వెళ్ళి పసుపురంగు డబ్బాలు తెచ్చాడు. కొట్టావిడ ఏ పచ్చ అని అడగలేదు, ఆయన మొహం చూసి. కంట్లో దుమ్ము పడకూడదని మామగారి కుర్చీ గుమ్మానికి దూరంగా వేశారు. అక్కణ్ణుంచే ఆయన కర్ర ఎత్తి చూపిస్తూ గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. నీళ్ళతో తడిపి రుద్దు, దుమ్ము లేవదు. అక్కడ వదిలేశావు. ఇది చక్రమా, చక్కిలమా, అంత మెల్లగా పట్టుకుంటావేం? ఆ జేబులో గలగలలాడేవేమిటి, నా బోల్టులా? కామాగారు చొక్కాచేతులు మడిచి, చెమటలు కక్కుతూ, తాను ప్రాణం పెట్టి వేసిన ఆకుపచ్చని తానే గీకుతున్నాడు. ఒక్కో గీతకీ ప్రాణం ఉసూరుమంటోంది, ఒక్కో తిట్టుకీ లేచి వస్తోంది.

కబుర్లు మోయవలసి వస్తుందేమోనని భార్య అలవాటుగా టీ కప్పులతో వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"నాన్నా, ఆయనకేమైనా చెప్పాలా?"

మామగారు విసుగ్గా చెయ్యి విదిలించారు. "నువ్వు మధ్యలో ఎందుకమ్మా, అడ్డం! మేం మాట్లాడుకుంటున్నాం కదా."

ఆమె కప్పులు అక్కడ పెట్టి, వంటింట్లోకి వచ్చి, తన టీ పోసుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ చల్లారేదాకా లేవలేదు.